ఆడా మగా తేల్చే ముందు సోడియం చూడండి

జననాంగాలు చూసి ఆడో మగో చెప్పలేని ఒక బిడ్డ తల్లిదండ్రుల నుంచి పోయిన వారం మళ్లీ అదే మాట. "పుట్టగానే ఆపరేషన్ చేసేసుంటే అప్పుడే తేలిపోయేది కదా డాక్టరుగారూ?" బారసాలలో ఏ పేరు పెట్టాలి, చుట్టాలకి ఏం చెప్పాలి అన్న వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కానీ బిడ్డకు ప్రాణగండం అక్కడ లేదు.

ఇలా పుట్టే పిల్లల్లో తరచుగా కనిపించేది సీఏహెచ్ (కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా) అనే పుట్టుకతో వచ్చే జబ్బు. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో 21-హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ లోపం. ఒత్తిడిని తట్టుకోడానికి కావలసిన కార్టిసాల్, ఒంట్లో ఉప్పును నిలిపే అల్డోస్టిరాన్ అనే హార్మోన్లు సరిగా తయారుకావు, మగ హార్మోన్లు పెరిగిపోతాయి. అందుకే గర్భాశయం, అండాశయాలు ఉన్న ఎక్స్‌ఎక్స్ (ఆడ క్రోమోజోములున్న) పాప కూడా పైకి బాబులా కనిపించొచ్చు. లోపం తీవ్రంగా ఉంటే ఒంట్లో ఉప్పు (సోడియం) మూత్రంలో పోతూనే ఉంటుంది. రెండు మూడు వారాల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

ఒక నాయనమ్మ 12 రోజుల పాపను పాత చీరలో చుట్టి తెచ్చింది. "గ్రహణం రోజు కోడలు బయటికెళ్లింది, అందుకే ఇలా పుట్టింది" అని ఎవరికీ చూపించకుండా ఇంట్లోనే ఉంచారు. పాలు కక్కుతుంటే గ్రైప్ వాటర్ పట్టారు. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడింది, ఒంట్లో నీరు ఇంకిపోయిందన్నమాట. సోడియం బాగా పడిపోయి 116, పొటాషియం ప్రమాదకరంగా పెరిగి 8. సెలైన్, కార్టిసాల్ లోటు తీర్చే మందు హైడ్రోకార్టిసోన్ ఎక్కించాం. మర్నాడు పాప గట్టిగా ఏడ్చింది. అప్పుడు చెప్పిందావిడ, మొదటి మనవడు కూడా పదిహేనో రోజున ఇలాగే వాంతులతో పోయాడని. సీఏహెచ్ ఉన్న మగపిల్లలు పైకి మామూలుగానే ఉంటారు, ఎవరికీ అనుమానం రాదు. ఆ బాబు గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. లోపమున్న జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ, ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఇద్దరూ ఆ జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. మేనరికాల్లో ఈ ముప్పు ఎక్కువ. కోడలినొక్కదాన్నే తిట్టడం ఏం న్యాయం?

ఇక ఇలాంటి పిల్లల గురించి జనంలో ఉన్న మిగతా అపోహలు. వీళ్లకి ఆడా మగా రెండు రకాల అవయవాలూ పూర్తిగా ఉంటాయన్నది అబద్ధం. ఇంటర్‌సెక్స్, ట్రాన్స్‌జెండర్ ఒకటి కాదు: మొదటిది పుట్టుకతో వచ్చిన శరీర నిర్మాణం, రెండోది తానెవరన్న భావన. ప్రాణానికి ముప్పు లేనప్పుడు పసిబిడ్డకు ఆడా మగా తేల్చే ఆపరేషన్లు చేయొద్దని మద్రాస్ హైకోర్టు 2019లోనే చెప్పింది.

ఇలాంటి బిడ్డ పుడితే సోడియం, పొటాషియం, 17-ఓహెచ్‌పీ (సీఏహెచ్‌లో పెరిగే ఒక హార్మోన్) పరీక్షలకు రక్తం ఆలస్యం చేయకుండా పంపించండి, క్రోమోజోమ్ రిపోర్టు కోసం ఆగొద్దు. సీఏహెచ్ అని తేలితే మందులు జీవితాంతం వాడాలి. జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ డోసు డాక్టరు చెప్పినట్టు రెండు మూడింతలు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షనే. ఊరెళ్లినా ఆ ఇంజెక్షన్ సంచిలో ఉండాలి.