ఏసీ ధర పెరిగేది డబ్బా మీద కాదు, బిల్లులో

పిల్లలూ,

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏసీ కొట్లు ఒకసారి తిరిగి చూడండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో జనం ఎంత తోసుకొచ్చినా డబ్బా మీద ఎంఆర్‌పీ మారదు. అది ఎటూ అమ్మే ధరకంటే బాగా ఎక్కువే అచ్చేసి ఉంటుంది. పెరిగేదంతా బిల్లులోనే. మార్చిలో ఊరికే ఇచ్చిన స్టెబిలైజర్ మేలో ఇవ్వరు. బిగింపు కూలి విడిగా పడుతుంది. మూడు మీటర్లు దాటిన రాగి పైపు దగ్గర బేరం సాగదు.

అడిగిన కంపెనీ సరుకు లేదంటే కొందరు వారం ఆగుతారు. ఎక్కువమంది ఉక్కకి తాళలేక పక్కనున్నది పట్టుకుపోతారు. ఆ ఆగినవాళ్లే బ్రాండు బలం. హీరో బొమ్మకి ఎన్ని కోట్లు పోసినా ఆ లెక్క మారదు. పక్క కంపెనీకి దక్కింది అయాచితపు గిరాకీ, అది నిలవడం కష్టం. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి బయటి యూనిట్ కాయిల్‌ని తినేస్తుంది, గ్యాస్ కారిపోతుంది. సీజన్లో మెకానిక్ పది రోజులైనా రాకపోతే మరుసటి ఏడు ఆ వీధిలో ఎవరూ ఆ పేరెత్తరు.

గిరాకీ పడిపోయినప్పుడు అసలు రంగు బయటపడుతుంది. 2025లో నైరుతి మే 24కే కేరళ తాకింది. వానలకి ఏసీల అమ్మకం దెబ్బతిని గోడౌన్లలో సరుకు మిగిలింది. ఇలాంటప్పుడు పేరున్న కంపెనీ వీలైనంతవరకూ ధర ముట్టుకోదు. డీలర్‌కి స్కీము ఇస్తుంది, ఎక్స్ఛేంజ్ పెడుతుంది. 40 వేల వస్తువుని ఒకసారి 32 వేలకి అమ్మితే, వచ్చే ఏడు 40 అంటే జనం మొహం చిట్లిస్తారు. పేరులేని కంపెనీకి ఆ ఓపిక ఉండదు, చీటీ మీద ధరే కొట్టేస్తుంది.

అదే ఏడు ఆగస్టు 15న జీఎస్టీ తగ్గిస్తామనగానే కొనేవాళ్లు చాలామంది ఆగిపోయారు. సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద 28 శాతం కాస్తా 18 అయింది. ధరలో పది శాతం తగ్గాలని కొట్లో గొడవ పడకండి. పన్ను కలపని ధర 35,000 అనుకోండి. పాత పన్నుతో 44,800, కొత్తదానితో 41,300. తగ్గేది 3,500, అంటే పాత ధరలో 7.8 శాతమే. 42,480 అడిగితే మాత్రం లోపలి ధర 36,000కి జరిగిందన్నమాట. అదే మోడల్ పాత బిల్లు పక్కన పెట్టుకుని, డిస్కౌంటు తేడా తీసేసి, ‘టాక్సబుల్ వాల్యూ’ గడి, అంటే పన్ను కలపని ధర, చూడండి.

మీ తాత,
కావలి