పెద్దమ్మకు చత్వారం ఎందుకు పోయింది?

మా పెద్దమ్మకు అరవై ఎనిమిదో ఏట చత్వారం పోయింది. నలభై దాటినప్పటి నుంచి కళ్ళజోడు లేనిదే సూదిలో దారం ఎక్కించలేని మనిషి, ఒకరోజు పొద్దున్నే పేపరు తీసుకుని జోడు లేకుండానే చిన్న అక్షరాలు గడగడా చదివేసింది. ఇల్లంతా సంబరం. రోజూ తాగే క్యారెట్ రసం మహిమ అని ఆవిడ, కాదు మునగాకు కూర అని పెదనాన్న. ఆ వారంలోనే రాత్రిపూట పెళ్ళి నుంచి తిరిగొస్తుంటే, ఎదురొచ్చే బండ్ల లైట్లు పెద్ద పెద్ద ముద్దల్లా విచ్చుకుని కనిపిస్తున్నాయని కారులో కళ్ళు మూసుకుని కూర్చుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

పెద్దమ్మ కంట్లో శుక్లం మొదలైంది. కంటి లోపలి కటకం మధ్యభాగం గట్టిపడి చిక్కబడితే కాంతిని మామూలుకన్నా ఎక్కువగా వంచుతుంది. దాంతో దూరపు వస్తువులు మసకబారి, దగ్గరివి కొన్నాళ్ళపాటు జోడు లేకుండానే కనిపిస్తాయి. ఆ సుఖం ఎక్కువ కాలం నిలవదు, పొర చిక్కబడేకొద్దీ దగ్గరివీ మసకే. అందుకే పెద్దవాళ్ళెవరైనా చత్వారం తగ్గిందని సంతోషంగా చెబితే, కళ్ళ డాక్టరుకు చూపించారా అని నేను వెంటనే అడుగుతాను. కళ్ళజోడు పవర్ ఏడాదికోసారి మార్చాల్సి రావడం, ఎండలోకి వస్తే చూపు మరీ మసకబారడం కూడా శుక్లం వస్తోందని చెప్పే కబుర్లే.

కటకం కంటిపాప వెనకే ఉంటుంది, కాబూలీ శనగ గింజంత. అందులో మూడో వంతు ప్రోటీన్, మిగతాది చాలావరకు నీరు. ఇంత ప్రోటీన్ కూరి ఉన్న కణజాలం ఒంట్లో మరొకటి లేదు. అయినా అద్దంలా ఉండటానికి కారణం, ఆ ప్రోటీన్లు ఒకదాని పక్కన ఒకటి పద్ధతిగా సర్దుకుని ఉండటం. కాంతికి అడ్డం రాకూడదని అక్కడి కణాలు తమ కేంద్రకాలను కూడా వదిలేసుకుంటాయి. రక్తనాళాలు అసలే ఉండవు. చుట్టూ ఉన్న పల్చటి ద్రవం నుంచే తిండీ, గాలీ అందాలి.

ఈ ఏర్పాటు వల్ల కంటికి ఒక పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. చర్మం రాలిపోతే కొత్తది వస్తుంది. ఎర్ర రక్తకణం నాలుగు నెలలు పనిచేసి పోతుంది, ఇంకోటి దాని పనిలో చేరుతుంది. కటకంలో ఆ వెసులుబాటు లేదు. కేంద్రకం లేని కణం కొత్త ప్రోటీన్ తయారు చేసుకోలేదు. కటకం ఉల్లిపాయలా పైపైన పొరలు వేసుకుంటూ పెరుగుతుందే గానీ లోపలివి మారవు. నడిమధ్యన ఉన్న ప్రోటీన్ మనం అమ్మ కడుపులో ఉన్నప్పటిదే. గ్రీన్‌లాండ్ సొరచేపల వయసు లెక్క కట్టడానికి శాస్త్రవేత్తలు 2016లో నమ్ముకున్నది దీన్నే. వాటి కటకం నడిమి ముక్కలో రేడియో కార్బన్ కొలిచి, అన్నిటికన్నా పెద్ద చేపకు కనీసం 272 ఏళ్ళని తేల్చారు. సొరచేప పుట్టకముందు తయారైన ప్రోటీన్ అన్నేళ్ళూ దాని కంట్లో అలాగే ఉందన్నమాట.

అన్నేళ్ళు చెడకుండా ఉండాలంటే కాపలా కావాలి. ఆల్ఫా క్రిస్టలిన్ అనే ప్రోటీన్ ఆ పని చేస్తుంది. పక్కనున్న ప్రోటీన్ దెబ్బతిని విప్పుకుపోతుంటే దాన్ని పట్టుకుని, ఇంకోదానికి అతుక్కోకుండా ఆపుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చింతలగిరి మోహనరావు బృందం ఈ ప్రోటీన్ మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. అయితే ఈ కాపలావాళ్ళకూ కొత్త భర్తీ ఉండదు. వయసుతో వాళ్ళు తరిగిపోయాక, చెడిన ప్రోటీన్లు గుంపులు కట్టి కాంతిని చెదరగొడతాయి. కోడిగుడ్డు తెల్లసొనను పెనం మీద వేస్తే పారదర్శకంగా ఉన్నది క్షణాల్లో తెల్లబడుతుంది కదా, కటకంలో జరిగేది దానికి దగ్గరి పనే. పెనం మీద క్షణాల్లో అయ్యేదానికి ఇక్కడ అరవై డెబ్భై ఏళ్ళు పడుతుంది. ఉడికిన గుడ్డును మళ్ళీ పచ్చిగుడ్డు చేయలేం. వచ్చిన శుక్లాన్ని కరిగించే చుక్కల మందు ఇప్పటికీ లేకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆ మందు కోసం వెతకలేదని కాదు. లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల కళ్ళలో శుక్లాన్ని తగ్గించిందని 2015లో వార్త వచ్చింది. అదే ఏడాది మన దేశంలోని డాక్టర్లు, ఆపరేషన్‌లో తీసిన 40 శుక్లపు గడ్డలను తీసుకుని కొన్నిటిని ఆ ద్రావణంలో, కొన్నిటిని మామూలు ద్రావణంలో ఆరు రోజులు నానబెట్టి చూశారు. తేడా లేదు. విటమిన్ల సంగతీ అంతే. దక్షిణ భారతంలోని ఐదు గ్రామాల్లో 798 మందికి ఐదేళ్ళపాటు కొందరికి యాంటీఆక్సిడెంట్ విటమిన్లు, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూస్తే, శుక్లం రెండు గుంపుల్లోనూ ఒకేలా పెరిగింది. 2006లో వచ్చిన ఫలితం అది. నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది మన జాతీయ పోషకాహార సంస్థ ఎలుకలతో చేసిన ప్రయోగం. తిండిలో కాస్తంత కర్‌క్యుమిన్, అంటే పసుపులోని పసుపు పదార్థం, కలిపితే శుక్లం ఆలస్యమైంది. దాన్ని ఐదు రెట్లు చేస్తే శుక్లం ఇంకా తొందరగా ముదిరింది. కూరలో వేసుకునే పసుపు వేసుకుందాం. మంచిదని విన్నాం కదా అని సీసాలు కొని మింగడం మాత్రం వద్దు.

మరి మన చేతిలో ఏముంది? ప్రోటీన్‌ను తొందరగా చెడగొట్టేవాటిని దూరం పెట్టడం ఉంది.

ఎండ సంగతి చూద్దాం. అమెరికాలో మేరీల్యాండ్ దగ్గరి చెసపీక్ అఖాతంలో చేపలు, పీతలు పట్టే 838 మందిని పరీక్షించి 1988లో ఒక లెక్క తేల్చారు. జీవితకాలంలో కంటికి తగిలిన అతినీలలోహిత కిరణాలు రెట్టింపైతే, కటకం అంచుల్లో మొదలయ్యే రకం శుక్లం ముప్పు 1.6 రెట్లు అవుతోంది. నీటి మీద పడిన ఎండ కింది నుంచి కూడా కంట్లోకి కొడుతుంది. మన ఉప్పు మడుల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద, వరినాట్ల మళ్ళలో రోజంతా ఉండేవాళ్ళను తలుచుకోండి. అంచున్న టోపీ, కళ్ళ మీదికి నీడ పడేలా లాగి కట్టిన తలపాగా, గొడుగు, ఇవి చిన్న సాయం కాదు. చలవ కళ్ళద్దాలు కొంటే వాటి మీద యూవీ 400 అని, అంటే అతినీలలోహిత కిరణాలను ఆపుతాయని, ఉందో లేదో చూడండి. ఆ గుణం లేని ఉత్త నల్లద్దాల వెనక కంటిపాప పెద్దదవుతుంది, కిరణాలు ఇంకా సులువుగా లోపలికి వెళ్తాయి.

బీడీ, సిగరెట్, చుట్ట ఏదైనా సరే కటకం నడిమి భాగాన్ని తొందరగా పసుపెక్కిస్తుంది. మానేస్తే ముప్పు తగ్గుతుంది, కాకపోతే ఎన్నడూ తాగనివాళ్ళ స్థాయికి రాదు. కాబట్టి ఎంత ముందు మానితే అంత లాభం. కట్టెల పొయ్యి పొగ మీద కూడా ఇలాంటి అనుమానమే ఉంది.

షుగర్ ఉన్నవాళ్ళకు శుక్లం కొన్నేళ్ళు ముందే వస్తుంది. రక్తంలో చక్కెర ఎక్కువైతే కటకంలోకీ చేరుతుంది. అక్కడ ఒక ఎంజైమ్ దాన్ని సార్బిటాల్‌గా మారుస్తుంది. అది బయటికి పోలేక నీటిని లోపలికి లాక్కుంటుంది, కటకం ఉబ్బుతుంది. షుగర్ ఎక్కువగా ఉన్న రోజుల్లో పరీక్ష చేయించుకుని కొన్న కళ్ళజోడు, షుగర్ దిగాక సరిపోకపోవడానికి కారణం ఇదే. ముందు షుగర్ అదుపులోకి తెచ్చుకుని ఆ తర్వాత జోడు కొనుక్కుంటే డబ్బూ దక్కుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది స్టెరాయిడ్ల సంగతి. కళ్ళు ఎర్రబడ్డాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. వేసుకోగానే ఎరుపు, దురద మాయమవుతాయి, అందుకే అదే సీసా నెలల తరబడి ఇల్లంతా వాడుకుంటారు. మోకాళ్ళ నొప్పులకు పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లోనూ అదే ఉండొచ్చు. ఇలా వచ్చే శుక్లం కటకం వెనక వైపు, సరిగ్గా చూపు దారిలో కూర్చుంటుంది, నలభై ఏళ్ళ వాళ్ళకైనా వస్తుంది. పైగా కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా) కూడా రావచ్చు. ఉబ్బసానికో, కీళ్ళ జబ్బుకో డాక్టరు రాసిచ్చినవాటిని మాత్రం భయపడి ఒక్కసారిగా ఆపకూడదు. వాడుతున్నన్నాళ్ళూ కళ్ళు చూపించుకుంటూ ఉంటే చాలు. తేనె, ఆముదం, ఆకు పసర్లు కంట్లో పోయడం అసలు వద్దు. వాటితో వచ్చే పుండు నల్లగుడ్డు మీద మచ్చై మిగిలిపోతుంది.

ఇన్ని చేసినా శుక్లం నెమ్మదిస్తుందే గానీ ఆగదు. అప్పుడు ఆపరేషన్. ‘ఇంకా పండలేదు, పండాక చేయిద్దాం’ అన్న మాట మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకప్పుడు అందులో అర్థం ఉండేది. కటకాన్ని మొత్తంగా తీసేసి, దాని బదులు సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చే రోజులవి. హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు ఆ కథ మార్చాడు. యుద్ధంలో విమానం అద్దాలు పగిలి పైలట్ల కళ్ళలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కల్ని కన్ను పెద్దగా వ్యతిరేకించకపోవడం గమనించి, అదే పదార్థంతో కటకం చేయించి 1949 నవంబర్ 29న మొదటిసారి ఒక రోగి కంట్లో పెట్టాడు. ఇప్పుడు పండేదాకా ఆగడం నష్టమే. గట్టిపడిన కొద్దీ తీయడం కష్టం, మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి నొప్పితో చూపే పోవచ్చు. చదవడం, వంట, బండి నడపడం, రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్ళడం, వీటిలో ఏది ఇబ్బందైనా అదే సమయం. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకో, ఏళ్ళకో మళ్ళీ పొర వచ్చిందంటే అది కొత్త శుక్లం కాదు, కృత్రిమ కటకాన్ని పట్టి ఉంచే పల్చటి సంచి వెనక వైపు మసకబారింది. లేజర్‌తో నిమిషాల్లో బాగవుతుంది.

ఇంకొక్క మాట. మసకంతా శుక్లమే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. నీటికాసులు, షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతినడం కూడా వయసు మాటున చప్పుడు లేకుండా వస్తాయి. శుక్లంతో తగ్గిన చూపు తిరిగొస్తుంది, నీటికాసులతో పోయింది రాదు. నలభై దాటాక ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, షుగర్ ఉంటే తప్పకుండా ఏటా, పాపలు పెద్దవి చేసే చుక్కలు వేసి లోపలంతా చూడమని అడగండి.

పెద్దమ్మకు పోయిన మాఘంలో కుడికన్ను ఆపరేషన్ అయింది. మర్నాడు పట్టీ తీశాక ఇంటికొచ్చి, వాకిట్లో ముగ్గు ముందు నిలబడి ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మార్చి మార్చి మూసి చూసుకుంది. కుడికంటితో ముగ్గు తెల్లగా ఉందట. ఎడమకంటితో చూస్తే మజ్జిగలో పసుపు కలిపినట్టుందట. కోడలి చీర ఇన్నాళ్ళూ ఆకుపచ్చ అనుకుంది, అది నీలం. ముదిరిన కటకం నీలం రంగును లోపలికి రానివ్వదని నేను చెబుతున్నా ఆవిడ వినడం లేదు. ఎడమకంటికి తేదీ ఎప్పుడిస్తారో ఫోన్ చేసి కనుక్కోమంటోంది.