గెడ్డ ఒడ్డున గరప నేల

దసరా వెళ్ళేసరికి ఒడిశాలోని మా గుణుపురం చుట్టుపక్కల గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, నీళ్ళు మోకాలి లోతుకి దిగిపోతాయి. అప్పుడు గెడ్డలోకి దిగి ఒడ్డు కోసుకుపోయిన చోట నిలబడితే, ఎదురుగా మనిషెత్తు మట్టిగోడ ఉంటుంది. పైన జానెడు మేర గడ్డివేళ్ళు అల్లుకున్న గోధుమరంగు మట్టి. దాని కింద బెత్తెడు మందాన సన్నని ఇసుక. ఇంకా కింద మళ్ళీ మెత్తని మట్టి, అందులో వేలు మందాన ఒక నల్లటి చార. ఆ చార కిందా ఇలాగే పొరలు, అన్నిటికన్నా అడుగున గులకరాళ్ళు.

ఆ నల్లటి చార ఒకప్పటి పైనేల. దాని మీద గడ్డి మొలిచింది, ఆకులు రాలి కుళ్ళాయి, పశువులు మేశాయి. ఒక పెద్ద వరద వచ్చి దాన్ని మట్టితో కప్పేసింది. మామూలు నేలలో కిందికి తవ్వేకొద్దీ కుళ్ళిన ఆకూ అలమూ, అంటే సేంద్రియ పదార్థం, తగ్గుతూ పోతుంది. గెడ్డ ఒడ్డున అలా కాదు. తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. వరద నేలల్ని గుర్తుపట్టడానికి నేల శాస్త్రవేత్తలు చూసే ముఖ్యమైన ఆనవాళ్ళలో ఇదొకటి.

ఈ ఒడ్డున ఉండేది గరప నేల. గరప అంటే ఇసుక, ఒండ్రు, బంక మూడూ సమపాళ్ళలో ఉన్న నేల అనుకుంటాం. నిజానికి సమపాళ్ళు కాదు. వందలో దాదాపు నలభై ఇసుక, నలభై ఒండ్రు, ఇరవై బంక అయితే మంచి గరప. బంక ఇరవైకే దాని ప్రభావం గట్టిగా ఉంటుంది, అంతకన్నా బాగా పెరిగితే నేల బిగుసుకుపోతుంది. ఇక్కడ తేడా అంతా రేణువు సైజులోనే. 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మి.మీ. దాకా ఇసుక, అక్కణ్ణుంచి 0.002 దాకా ఒండ్రు, అంతకన్నా సన్నం బంక.

మరి ఈ మూడింటినీ ఇంత కుదురుగా కలిపింది ఎవరు? వరద నీరే. నీళ్ళలో రేణువు ఎంత వేగంగా కిందికి దిగుతుందో 1851లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ లెక్క కట్టాడు. రేణువు అడ్డుకొలత సగమైతే అది దిగే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. ఈ లెక్కన కదలని నీళ్ళలో పది సెంటీమీటర్లు దిగడానికి 0.05 మి.మీ. ఇసుక రేణువుకి ముప్పావు నిమిషం చాలు. 0.002 మి.మీ. రేణువుకి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. కావాలంటే ఇంట్లోనే చూడొచ్చు. సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు నింపి, చిటికెడు సర్ఫ్ కలిపి బాగా కుదిపి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగున కూర్చుంటుంది. ఒండ్రు మీద సర్దుకోవడానికి గంటలు పడుతుంది. మర్నాటికి కూడా పైన నీళ్ళు తేరుకోలేదంటే అది బంక.

ఇప్పుడు మా ఇరుకు లోయలకి వద్దాం. రెండు కొండల నడుమ గెడ్డ, గెడ్డకి అటూ ఇటూ పది, పాతిక గజాల మేర చదును నేల. కొరాపుట్ వైపు ఇలాంటి పల్లపు చోటుని ఝోలా అంటారు, అక్కడ ఎక్కువగా వరి వేస్తారు. పైన కొండల్లో గట్టి వాన పడితే ఇక్కడ వరద పూటలో వస్తుంది, పూటలో పోతుంది. నీళ్ళు గట్టు దాటగానే వేగం తగ్గి, బరువైన ఇసుక అంచునే పడిపోతుంది. ఒండ్రు కాస్త లోపలికి వచ్చి దిగుతుంది. బంకకి మాత్రం దిగే వ్యవధి దొరకదు. గడ్డి దుబ్బుల మధ్యా, పొదల మధ్యా నీరు కాసేపు ఆగిన చోట ముద్దకట్టి కొంత చిక్కుకుంటుంది. మిగతాదంతా వంశధారలో పడి కళింగపట్నం దగ్గర సముద్రంలోకి పోతుంది. డెల్టాల్లో అయితే వరద నీరు పల్లాల్లో రోజుల తరబడి నిలుస్తుంది, బంక తీరిగ్గా దిగుతుంది, అందుకే అక్కడ బరువు నేలలు ఎక్కువ. మా నేలకి ఈ గరపతనం నీటి తొందరవల్ల వచ్చింది.

కొండరాయి పాత్ర కూడా ఉంది. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఖోండలైట్ రాయి. ఈ కొండల్లో బతికే ఖోందు గిరిజనుల పేరుమీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. అందులోని ఖనిజాల్లో క్వార్ట్జ్ అరగక ఇసుకగా మిగులుతుంది, ఫెల్డ్‌స్పార్ చివికి బంకగా మారుతుంది. గెడ్డ ఇసుకని అరచేతిలో పోసుకుని ఎండకి పట్టి చూడండి, ఎర్రగా మెరిసే గింజలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు, ఆ రాయిలోంచి వచ్చినవే.

ఈ నేలలో నీరు నిలవదని ఎలా తెలుస్తుంది? రంగే చెబుతుంది. నేలలో గాలి ఆడుతుంటే ఇనుము తుప్పు పట్టి గోధుమరంగుకో ఎరుపుకో తిరుగుతుంది. నీరు నిలిచి గాలి ఆడకపోతే ఆ తుప్పు కరిగిపోయి మట్టి బూడిదరంగుకి మారుతుంది. కొన్నాళ్ళు నీరు, కొన్నాళ్ళు గాలి అయితే బూడిదరంగులో తుప్పు మచ్చలు పడతాయి. పారతో మూడడుగులు తవ్వినా మచ్చలేని గోధుమరంగే ఉంటే నీరు బాగా ఇంకే నేల అన్నమాట. కింద గులకరాళ్ళు ఉండడం, పక్కనే గెడ్డ మట్టం పల్లంలో ఉండడం వల్ల నీరు దిగడానికి అడ్డు ఉండదు.

అలాగని నీళ్ళన్నీ పోవు. మీటరు లోతు గరప నేల పైరుకి అందేలా సుమారు 140 మి.మీ. నీటిని దాచుకుంటుంది. ఉత్త ఇసుకైతే 60 దగ్గరే ఆగిపోతుంది. బంక నేల 200 దాకా దాచుకుంటుంది కానీ అందులో వేళ్ళకి గాలి ఆడటం కష్టం. వంగ, మిరప, టమాటా లాంటివి రెండురోజులు నీళ్ళలో నానితే వేరు కుళ్ళి పోతాయి. వాటికి ఒడ్డు నేలే కావాలి.

మా పెదనాన్నకి ఈ అంకెలేవీ తెలీవు. వాన వెలిసిన మర్నాడు నేను నాగలి కట్టేద్దామని తొందరపడితే, వంగి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి, నడుమెత్తు నుంచి వదిలేవాడు. ముద్ద చెక్కుచెదరకుండా నేలమీద కూర్చుంది.

"ఇయ్యాల వద్దురా. ఇప్పుడు దున్నితే పెడ్డలు లెగుస్తాయి. ఎల్లుండి పొద్దున్న సూద్దాం."

ఎల్లుండి అదే ముద్ద కిందపడి పిండిలా విచ్చుకుంది. దాన్నే పదును అంటాం. గరప నేలకి రెండు మూడు రోజుల్లో పదును వస్తుంది, బంక నేలకి వారం పైనే పట్టొచ్చు. అదను దాటిపోకుండా విత్తనం పడాలంటే ఈ నాలుగు రోజులే కీలకం.

ఇంత మంచి నేలకి గండాలు కూడా గెడ్డలోంచే వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి, రాయగడ జిల్లాల మీద విరుచుకుపడినప్పుడు కొండలు జారాయి, గెడ్డలు పొంగాయి. ఇసుక మేట వేసిన పొలం మళ్ళీ పొలం కావాలంటే ఆ ఇసుక ఎత్తి పోయాలి, చిన్న రైతుకి అది మోయలేని ఖర్చు. పైన వాలు మీద చెట్లు పోయేకొద్దీ వరదలో ఇసుకా రాళ్ళూ పెరుగుతాయి. సవర గిరిజనులు కొండవాలుల మీద తరతరాలుగా రాతిగట్లు పేర్చి మడులు కట్టుకున్నది ఊరికే కాదు. నీటి దూకుడు ఆ గట్ల దగ్గరే తగ్గుతుంది.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది ఇటుక బట్టీ. మరీ జిగురూ కాదు, మరీ పొడీ కాదు కాబట్టి గరప మట్టి ఇటుకకీ బాగా కుదురుతుంది. మాకు తెలిసిన ఒకాయన అప్పు తీర్చడానికి గెడ్డ పక్క చెక్కని మట్టికి అమ్మేశాడు. మూడడుగులు తవ్వి పట్టుకుపోయారు. వరదలు ఒక్కొక్క వేలు మందం చొప్పున పోగేసిన మట్టి ఒక్క ఎండాకాలంలో వెళ్ళిపోయింది.

పోయినేడాది ఆ గుంటలోకి దిగి చూశాను. వరద గుంటలోకి వచ్చింది కానీ బయటికి పోయే దారి లేదు, నీరు వారాల తరబడి నిలిచిపోయింది. వేలితో గీరితే పైన జిగటగా, బూడిదరంగులో, గోరు మందాన బంక. దాని కింద మట్టిలో అప్పుడే తుప్పు మచ్చలు మొదలయ్యాయి.