ఎన్నూరు తారు ఎవరి పంటికి చిక్కుతుంది?

2017 జనవరిలో చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని ఫర్నేస్ ఆయిల్ (ఓడ ఇంజన్లలో కాల్చే చిక్కటి నల్ల నూనె) ఒడ్డుకు కొట్టుకొచ్చింది, జనం బకెట్లతో తోడిపోశారు, గుర్తుందా? తిరువొత్తియూరులో ఉండే మా పిన్ని మొన్న అడిగింది, "ఆ రాళ్ల సందుల్లో మిగిలిందంతా ఏమైందిరా, సముద్రం మురికిని తనలో ఉంచుకోదంటారుగా?" అని. సముద్రానికి అలాంటి మడీ ఆచారం ఏమీ లేవు పిన్నీ. తేలికపాటి నూనె ఆవిరైపోతుంది, కొంత బాక్టీరియా తింటుంది, మిగిలింది తారుముద్దలై మన అరికాళ్లకే అంటుకుంటుంది. బాక్టీరియా అంటే జబ్బు అని మాత్రమే బళ్లో నేర్పితే ఈ తిండిపోతుల సంగతి ఎవరికి తెలుస్తుంది!

వీటిలో నాకిష్టమైనది ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్. 1998లో పేరు పెట్టారు. శుభ్రమైన నీళ్లలో ఎక్కడో ఒకటీ అరా ఉంటుంది, నూనె పడిందంటే కుప్పలుతెప్పలుగా పెరుగుతుంది. గ్లూకోజ్ పెడితే ముట్టదు.

ఎలా తింటుందంటే, నూనెలోని ఆల్కేన్‌ను నున్నటి చెరకు గడ అనుకోండి. కార్బన్, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ లేదు కాబట్టి పంటికి పట్టు దొరకదు. అందుకని ఆల్క్-బి అనే ఎంజైమ్ నీళ్లలో కరిగిన ఆక్సిజన్ నుంచి ఒక్క పరమాణువు తెచ్చి గడ కొసకి తగిలిస్తుంది. అది ఆల్కహాల్ అవుతుంది, తర్వాత ఆల్డిహైడ్, ఆపైన కొవ్వు ఆమ్లం. ఇక పట్టు దొరికినట్టే, రెండేసి కార్బన్ల చొప్పున విరుచుకు తినడమే (బీటా ఆక్సీకరణం, దోసెలో నూనెని మన ఒళ్లు వాడుకునేదీ ఇలాగే). పదహారు కార్బన్ల హెక్సాడెకేన్‌కి ఏడు విరుపులు, ఎనిమిది ముక్కలు. గడకి కొమ్మలుంటే పని నెమ్మదిస్తుంది, ఉంగరాల్లా చుట్టుకున్న వాటికి సైక్లోక్లాస్టికస్ లాంటి వేరే బాక్టీరియా రావాలి, ఆస్ఫాల్టీన్లయితే (తారులో ఉండే బరువైన, చిక్కుముడి లాంటి పెద్ద అణువులు) దాదాపు ఎవరి పళ్లకీ లొంగవు. ఫర్నేస్ ఆయిల్‌లో ఈ మొండి సరుకే ఎక్కువ, అసలు టెన్షన్ అక్కడే.

పైగా ఉత్త చెరకు తిని ఎవరూ ఒళ్లు పెంచలేరు, నత్రజని, భాస్వరం కావాలి, అవి నూనెలో సరిపడా ఉండవు. 1989లో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ నూనె ఒలికాక అలాస్కా ఒడ్డు రాళ్ల మీద ఎరువు చల్లింది అందుకే. మన ఎండలు ఈ పనికి అనుకూలమే గానీ, బురదలో కాస్త లోతుకి వెళ్లేసరికి ఆక్సిజన్ ఉండదు, ఆ మొదటి కొరుకుడే ఆగిపోతుంది. అందుకే తారు మీద ఇసుక కప్పేసి చేతులు దులుపుకోవడం అన్నిటికంటే చెత్త పని, బాక్టీరియా పొడి సంచులు తెచ్చి చల్లే ముందు ఆ ఇసుకని తవ్వి గాలి తగలనివ్వాలి.