హ్యామ్‌ట్రామిక్: ఒక చిన్న ఊరి జనాభాపై అపోహలు – వాస్తవాలు

నా పని జనాభా లెక్కలతో. సెన్సస్ వాళ్ళు విడుదల చేసే టేబుల్స్ తీసుకుని, ఏ ఊళ్ళో ఎవరు ఎంతమంది ఉన్నారు, పదేళ్ళలో ఏం మారింది అన్నది స్కూళ్ళకీ, సిటీ ఆఫీసులకీ అర్థమయ్యేలా చెప్పడం. మిషిగన్‌లో ఉంటాను కాబట్టి మన తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా ఒక ఊరి గురించి అడుగుతారు. హ్యామ్‌ట్రామిక్. దాదాపు అన్ని వైపులా డెట్రాయిట్ నగరమే చుట్టుకుని ఉన్న ఊరు, రెండు చదరపు మైళ్ళు, 2020 లెక్కల్లో 28,433 మంది. ఈ ఊరి మీద వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డులు ఇన్నీ అన్నీ కావు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ముస్లింలు వచ్చి పోలండ్ వాళ్ళని ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే మాట ఇది, ఎందుకంటే అంకెలు ఇంత స్పష్టంగా ఉన్నా జనం నమ్ముతున్నారు. ఒకప్పుడు అది జర్మన్ రైతుల పల్లె. 1910లో జనాభా 3,559. ఆ రోజుల్లోనే డాడ్జ్ సోదరులు అక్కడ కార్ల ఫ్యాక్టరీ పెట్టారు, పనికోసం పోలండ్ నుంచి మనుషులు దిగారు, 1920 వచ్చేసరికి 48,615 మంది. పదేళ్ళలో పదమూడు రెట్లు పైనే! 1930లో 56,268కి చేరింది, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అంతమంది లేరు. అక్కణ్ణుంచి ప్రతి పదేళ్ళకీ తగ్గుతూ తగ్గుతూ 1990కి 18,372. పోలిష్ పిల్లలు చదువుకున్నారు, కార్లు కొనుక్కున్నారు, వారెన్, స్టెర్లింగ్ హైట్స్ లాంటి శివార్లలో పెరడు ఉన్న ఇళ్ళకి మారిపోయారు. ఊరికి అన్నం పెట్టిన డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది.

యెమెన్ వాళ్ళు కొందరు ముందే ఉన్నా, బంగ్లాదేశ్, యెమెన్ కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడింది 1990ల నుంచి. న్యూయార్క్ క్వీన్స్‌లో అద్దెలు భరించలేక చాలామంది బంగ్లాదేశీలు ఇక్కడ చవగ్గా దొరికే ఇళ్ళ కోసం వచ్చారు. కోనసీమలో పిల్లలంతా హైదరాబాద్‌కీ అమెరికాకీ పోయాక తాళం పడిన పెంకుటింట్లో ఇరవై ఏళ్ళకి ఎవరో అద్దెకి దిగితే, ఆ దిగినవాణ్ణి పట్టుకుని నీవల్లే ఇంటివాళ్ళు పోయారు అంటామా? 2010లో 22,423 ఉన్న జనాభా 2020కి సుమారు 27 శాతం పెరిగింది. ఊరు ఖాళీ అవకుండా నిలబెట్టింది కొత్తగా వచ్చినవాళ్ళే.

పోలిష్ వాళ్ళ గుర్తులూ ఎక్కడికీ పోలేదు. సెయింట్ ఫ్లోరియన్ చర్చి ఉంది. లెంట్ ఉపవాసాలకి ముందురోజు జోసెఫ్ కాంపో వీధిలో బేకరీల ముందు పూంచ్కీల కోసం పెద్ద క్యూలు ఉంటాయి (మన బూరెల్లాగే లోపల తీపి పెట్టి నూనెలో వేయించేవి, పూర్ణం బదులు జామ్).

అపోహ: సెన్సస్‌లో దాదాపు సగం మంది తెల్లవాళ్ళే అని ఉంది, అంటే మార్పు గురించి చెప్పేదంతా అబద్ధం.

దీనికి కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పాలి. 2020 ఫారంలో "వైట్" అనే గడి కింద ఉదాహరణలు ఇచ్చారు: జర్మన్, ఐరిష్, ఇంగ్లిష్, ఇటాలియన్, లెబనీస్, ఈజిప్షియన్. అరబ్బులకి వేరే గడి లేదు. యెమెన్ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన కుటుంబమూ, నాలుగు తరాల క్రితం పోలండ్ నుంచి వచ్చిన కుటుంబమూ టేబుల్‌లో ఒకే వరుసలో పడతాయి.

ఫారం నింపడం నేర్పడానికి ఒక మసీదు హాల్లో మేము పెట్టిన మీటింగ్ నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ముప్పైమంది దాకా ఉన్నారు. ముందు వరుసలో ఒక యెమెన్ పెద్దాయన, చేతులు చూస్తేనే తెలుస్తుంది జీవితమంతా ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషని. నమూనా ఫారం మీద పెన్ను పెట్టి ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చి, చివరికి పెన్ను పక్కన పెట్టేసి, "నన్ను ఈ దేశంలో తెల్లవాడు అని ఎవరైనా ఎప్పుడైనా పిలిచారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. గడి కింద గీత మీద "యెమెనీ" అని తప్పకుండా రాయండి బాబాయ్ అని మాత్రం చెప్పగలిగాను.

ఇదే డెట్రాయిట్‌లో 1942లో అహ్మద్ హసన్ అనే యెమెన్ మనిషి పౌరసత్వం అడిగితే, నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి ఇవ్వం అని ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. హక్కు ఇవ్వాల్సినప్పుడు కాదన్నారు, లెక్కపెట్టాల్సినప్పుడు అవునంటున్నారు. దీనివల్ల నష్టం కూడా ఉంది. ఇంగ్లిష్ సరిగ్గా రాని ఓటర్లు తగినంతమంది ఉంటే వాళ్ళ భాషలో బ్యాలెట్ ఇవ్వాలని ఫెడరల్ చట్టం ఉంది, ఆ జాబితా తయారయ్యేది సెన్సస్ అంకెలతోనే. అలా 2011లో హ్యామ్‌ట్రామిక్‌కి బంగ్లా వచ్చింది. కానీ ఆ చట్టం ఆసియా భాషలకీ, స్పానిష్‌కీ, స్థానిక తెగల భాషలకీ మాత్రమే వర్తిస్తుంది. ఎంతమంది ఉన్నా అరబిక్ అందులోకి రాదు.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఈ నియమాలు మార్చి, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్ళకి విడిగా ఒక గడి పెట్టాలని నిర్ణయించింది. ఆ గడి నిజంగా ఫారంలోకి వచ్చాక ఇదే ఊళ్ళో "తెల్లవాళ్ళ" శాతం ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు వచ్చే ఫార్వర్డులు తల్చుకుంటే నాకిప్పుడే టెన్షన్. ఎవరూ ఊరొదిలి పోయి ఉండరు, గడి మారి ఉంటుంది, అంతే.

అపోహ: అక్కడ ముస్లింలే మెజారిటీ అని సెన్సస్ తేల్చింది.

సెన్సస్ మతం అడగదు. మతం గురించి జవాబు చెప్పి తీరాలని ఎవర్నీ బలవంతపెట్టకూడదని 1976 నుంచి చట్టమే ఉంది. ఊరిని చూసినవాళ్ళెవరూ మెజారిటీ అన్న మాటని కాదనరు, కానీ అది అంచనా. ఎవరైనా దశాంశాలతో సహా శాతం చెబితే ఎక్కడిదని అడగండి.

అపోహ: వాళ్ళంతా ఒకటే.

2022 జనవరిలో మేయరు, కౌన్సిల్ సభ్యులందరూ ముస్లింలే అయ్యేసరికి ఈ మాట బాగా పాకింది. అప్పటి మేయరు ఆమెర్ గాలిబ్ యెమెన్‌లో పుట్టినవాడు. ఆ కౌన్సిల్‌లో బంగ్లాదేశ్ మూలాలవాళ్ళు ఉండేవారు, ఇస్లాంలోకి మారిన పోలిష్ అమెరికన్ మహిళ ఒకామె కూడా ఉండేది. యెమెన్ వాళ్ళది అరబిక్. బంగ్లాదేశీల్లో ఎక్కువమంది సిల్హెట్ వైపు వాళ్ళు. 1990ల యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన బోస్నియా వాళ్ళు వేరే. భాష వేరు, తిండి వేరు, ఓటు వేసే తీరూ వేరు.

అపోహ: ఎవరు ఎక్కడ ఉండాలన్నది దానంతటదే జరిగిపోతుంది.

ఎప్పుడూ కాదు. ఈ ఊళ్ళోనే పట్టణాభివృద్ధి పేరుతో నల్లజాతి కుటుంబాలు ఉండే వీధుల్ని పడగొట్టారు. వాళ్ళు 1968లో కోర్టుకెక్కారు. 1971లో జడ్జి డేమన్ కీత్, సిటీ కావాలనే వాళ్ళని తరిమేసిందని తీర్పు ఇచ్చాడు. పోగొట్టుకున్న ఇళ్ళకి బదులుగా ఇవ్వాల్సిన ఇళ్ళ పని పూర్తికావడానికి దశాబ్దాలు పట్టింది, ఈలోపు ఎంతోమంది ముసలివాళ్ళయి పోయారు. టేబుల్‌లో ఒక వరుసలో అంకె తగ్గితే, వాళ్ళే వెళ్ళిపోయారా, పంపించేశారా అన్నది ఆ టేబుల్ చెప్పదు. పాత కోర్టు కాగితాలు తిరగెయ్యాలి.

అపోహ: మన ఇండియన్స్ మొదటినుంచీ ఏషియన్లమే, ఈ గడుల గొడవ మనది కాదు.

మనదే. 1923లో భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు మనవాళ్ళు తెల్లవాళ్ళు కారంటూ పౌరసత్వం కాదంది. 1930 సెన్సస్‌లో సిక్కు అయినా, ముస్లిం అయినా భారతీయుడి జాతి గడిలో "హిందూ" అని రాశారు. 1970లో మనల్ని తెల్లవాళ్ళలో కలిపారు. "ఏషియన్ ఇండియన్" అనే గడి వచ్చింది 1980లో. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న మన తాతలు కూడా అడగాల్సి వచ్చిందే.

అపోహ: ఫారం నింపితే వివరాలు ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి పోతాయి.

చట్టం ఒప్పుకోదు. ఒక మనిషి జవాబులు బయటపెట్టిన ఉద్యోగికి ఐదేళ్ళ వరకూ జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకూ జరిమానా. పేర్లతో ఉన్న కాగితాలు 72 ఏళ్ళదాకా బయటికి రావు. 1950వి 2022లో వచ్చాయి, 2020వి 2092లో వస్తాయి. అయినా ఈ భయాన్ని నేను కొట్టిపారేయను, రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్లని పట్టుకోవడానికి సెన్సస్ లెక్కలు వాడిన మాట నిజం. అందుకే మీటింగుల్లో ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత ఇప్పటి చట్టం చెప్తాను. ఆ రోజు హాల్లోనూ అలాగే చెప్పాను. పెద్దాయన కాసేపు ఊరుకుని, పెన్ను మళ్ళీ తీసుకుని, గడిలో టిక్ పెట్టకుండానే ముందు గీత మీద వంకర అక్షరాలతో ఇంగ్లిష్‌లో "యెమెనీ" అని రాశాడు.