“కెమెరా ఒక్కటి ఇప్పించన్నా, చాలు”: స్టూడెంట్ మ్యూజిక్ వీడియోల మీద అపోహలు – వాస్తవాలు

కర్నూల్లో నాది పెళ్ళి వీడియోల పని. ముహూర్తాలు లేని నెలల్లో కాలేజీ పిల్లలు వస్తుంటారు. మ్యూజిక్ వీడియో తీయాలి, కెమెరా కావాలి అంటారు. ముందు పాట వినిపించమంటాను. వాట్సాప్‌లో వచ్చిన రఫ్ ట్రాక్ వినిపించి, “ఇంకా మిక్సింగ్ కాలేదన్నా, షూటింగ్ అయ్యేలోపు వచ్చేస్తుంది” అంటారు. అప్పుడు నేను కెమెరా బ్యాగు మళ్ళీ అల్మారాలో పెట్టేస్తాను. వాళ్ళకు కోపం వస్తుంది. రానీ.

ఇన్నేళ్ళుగా వాళ్ళ నోట విన్న మాటలే ఇక్కడ అపోహలుగా రాస్తున్నాను. వీటిలో రెండు మూడు ఒకప్పుడు నావే.

అపోహ: పాట ఫైనల్ కాకపోయినా షూట్ మొదలుపెట్టొచ్చు

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒక బ్యాచ్‌కు 92 బీపీఎంలో (నిమిషానికి 92 బీట్లు) ఉన్న నాలుగు నిమిషాల పాటకు రెండు రోజులు షూట్ చేశాం. అంతా అయ్యాక మ్యూజిక్ చేసిన కుర్రాడికి పాట నీరసంగా ఉందనిపించి 96కు పెంచాడు. తేడా నాలుగే కదా అనుకుంటాం. నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాల యాభై సెకన్లకు వచ్చింది. వీడియో వేగం పెంచి పెదాలు ఎలాగో కలిపాం గానీ, సెకనుకు ఒక ఫ్రేము ఎగిరిపోయి నడకలోనూ చున్నీ ఊపులోనూ చిన్న చిన్న తత్తరపాట్లు మిగిలాయి. అంతటితో ఆగక రెండో చరణంలో ఒక లైను కూడా మార్చాడు. దానికి ఏం చేస్తాం? ఆ లైను వచ్చినప్పుడు ఆ వీడియోలో ఇప్పటికీ కొండలు కనిపిస్తాయి. చూసినవాళ్ళు కవితాత్మకంగా ఉందన్నారు. మేం నోరు విప్పలేదు.

ఫైనల్ పాట చేతికి వచ్చాక చేసే మొదటి పని షాట్ డివిజన్, అంటే పాటను షాట్లుగా విడగొట్టుకోవడం. కాగితం మీద నాలుగు గడులు గీయండి: నిమిషం–సెకను, పాటలో లైను, ఎక్కడ, ఎవరు ఏ బట్టల్లో. 96 బీపీఎం పాటలో నాలుగు బీట్లకు రెండున్నర సెకన్లు పడుతుంది. ఎనిమిది బీట్లకు ఒక షాటు అనుకుంటే ఐదు సెకన్లు. మూడు నిమిషాల యాభై సెకన్ల పాటకు తక్కువలో తక్కువ 46 షాట్లు. కెమెరా కదిపి, వెలుతురు సరిచేసుకుని, రెండు మూడు టేకులు తీసేసరికి కొత్తవాళ్ళకు షాటుకు పన్నెండు నిమిషాలు పోతుంది. మొత్తం తొమ్మిది గంటల పైమాటే. మన ఎండలో బాగా పనికొచ్చే వెలుతురేమో పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఈ లెక్క వేయకుండా “ఒక్కరోజులో అయిపోతుందన్నా” అంటే నేను నమ్మను. రెండో రోజు పెట్టుకోవాలి, లేదా ఒకే చోట పల్లవి మొత్తం నాలుగైదు కోణాల్లో ఆపకుండా తీసుకుని షాట్లు తగ్గించుకోవాలి. స్టూడెంట్లకు రెండోదే మేలు.

అపోహ: ముప్పై సెకన్లు దాటకపోతే కాపీరైట్ పడదు, క్రెడిట్ ఇస్తే అసలే పడదు

ఈ ముప్పై సెకన్ల కథ ఎక్కడ పుట్టిందో గానీ కర్నూలు నుంచి కడప దాకా అందరికీ నోటికి వచ్చు. 1957 కాపీరైట్ చట్టంలో ఇన్ని సెకన్లు ఉచితం అనే మాటే లేదు. “పాట హక్కులు సొంతదారులవే” అని డిస్క్రిప్షన్‌లో రాస్తే, ఇంకొకరిది వాడుకున్నానని మనమే ఒప్పుకున్నట్టు.

ఒక పాటలో మూడు ఆస్తులు ఉంటాయి. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగు ఒకటి. సినిమా పాటను మీ ఫ్రెండు మళ్ళీ పాడితే మూడోదాని నుంచి తప్పించుకుంటారు, మొదటి రెండూ అలాగే ఉంటాయి. కవర్ వెర్షన్ కోసం చట్టంలో 31సి సెక్షన్ ఉంది. పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్ళు గడవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి. ఇవన్నీ చేసినా ఆ వెసులుబాటు ఆడియోకే. దానికి బొమ్మ కలిపి వీడియో చేయాలంటే హక్కుదారుల అనుమతి విడిగా తీసుకోవాల్సిందే.

యూట్యూబ్‌లో క్లెయిమ్, స్ట్రైక్ రెండూ ఒకటే అనుకుని పిల్లలు టెన్షన్ పడుతుంటారు. క్లెయిమ్ వస్తే సాధారణంగా వీడియో మీద వచ్చే డబ్బు హక్కుదారుకు పోతుంది, లేదా వీడియో కనపడకుండా పోతుంది. స్ట్రైక్ వేరు, అది హక్కుదారు ఫిర్యాదు చేసి వీడియో తీసేయిస్తే ఛానల్ మీద పడేది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోయే ప్రమాదం ఉంది.

దీనికి విరుగుడుగా ఈమధ్య ఒక తెలివి మొదలైంది. “అన్నమయ్య కీర్తన తీసుకుందామన్నా, ఐదొందల ఏళ్ళు దాటింది, ఎవరిదీ కాదు కదా.” సాహిత్యం వరకు నిజమే. అన్నమయ్య 1503లో పోయాడు. కానీ రాగిరేకుల మీద పాట, రాగం పేరు దొరికాయి గానీ ఆయన పాడిన వరస దొరకలేదు. మనం ఇవాళ వినే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. వారిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మన అనంతపురం జిల్లా వారే. ఆయన 1979లో పోయారు. మన దేశంలో బాణీకి హక్కు దాన్ని కట్టినవారు పోయాక అరవై ఏళ్ళు ఉంటుంది. అంటే ఆయన బాణీలకు 2039 చివరి దాకా హక్కు నడుస్తూనే ఉంటుంది. కీర్తన తీసుకోండి, బాణీ మీరు కట్టుకోండి. వేమన పద్యమైనా అంతే. నన్నడిగితే మీ క్లాసులో పాట రాసేవాడు, కీబోర్డు వాయించేవాడు తప్పకుండా ఉంటారు. వాళ్ళ పాట వంకరగా ఉన్నా పూర్తిగా మీదవుతుంది.

అపోహ: లొకేషన్ ఆ రోజు పోయి చూసుకుందాం

జనవరిలో చూసిన తుంగభద్ర ఏప్రిల్‌లో ఉండదు. నీళ్ళ మధ్య తీయాలనుకున్న డ్యాన్సు ఇసుకలో తీయాల్సి వస్తుంది. అందుకే లొకేషన్ చూడటానికి షూటింగ్‌కు వారం పది రోజుల ముందు, మీరు తీయబోయే గంటకే వెళ్ళండి. సాయంత్రం ఐదుకు తీసేదాన్ని మధ్యాహ్నం చూసి వస్తే సగమే చూసినట్టు. ఫోన్‌లో పాట పెట్టుకుని అక్కడ నడిచి చూడండి. చరణం అయ్యేసరికి హీరో ఆ బండ దగ్గరికి చేరగలడా లేదా అన్నది నడిస్తేనే తెలుస్తుంది.

ఇక అనుమతులు. కొండారెడ్డి బురుజు, గండికోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాలు. అలాంటి చోట షూటింగ్‌కు 1959 నాటి నిబంధనల ప్రకారం ముందే లైసెన్సు తీసుకోవాలి. ఫోన్‌తో ఫొటో దిగితే ఎవరూ ఏమీ అనరు. ట్రైపాడ్ తెరిచి, స్పీకర్ పెట్టి, ఎనిమిది మంది ఒకే రంగు చొక్కాల్లో వరసగా నిలబడితే కాపలా మనిషి లేచి వస్తాడు. “స్టూడెంట్ ప్రాజెక్టు సార్” అన్న మాట అక్కడ పని చేయదు. బెలుం గుహలను టూరిజం వాళ్ళు చూసుకుంటారు, ముందు వాళ్ళనే అడగాలి. లోపల ఉక్క. ఏసీ కారులోంచి తీసిన లెన్సును నేరుగా లోపలికి తీసుకెళ్తే ఆవిరి పట్టేస్తుంది. కాసేపు బయట బ్యాగులోనే ఉంచి తీసుకెళ్ళండి.

డ్రోన్ గురించి ఒక్క మాట. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదన్నది నిజం. దాంతో ఎక్కడైనా ఎగరేయొచ్చు అనుకోవడం అబద్ధం. ఓర్వకల్లు రాళ్ళు డ్రోన్ షాటుకు ఎంత బాగుంటాయో నాకూ తెలుసు. కానీ కర్నూలు ఎయిర్‌పోర్టు ఉన్నదీ ఓర్వకల్లులోనే. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక ఎయిర్‌పోర్టుల చుట్టూ రెడ్, ఎల్లో జోన్లు ఉన్నాయి, వాటిలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై సైటులో ఆ జోన్ల మ్యాప్ చూడండి. రాళ్ళను కింద నుంచి తీసినా ఏం తక్కువ కాదు.

అపోహ: ఎండ ఎంత ఎక్కువుంటే వీడియో అంత బ్రైట్‌గా వస్తుంది

మిట్ట మధ్యాహ్నం నడినెత్తిన సూర్యుడుంటే కళ్ళ కింద గుంటలు, ముక్కు కింద మీసంలా నీడ. పదకొండు నుంచి మూడున్నర దాకా భోజనం, నిద్ర, బట్టలు మార్చుకోవడం పెట్టుకోండి. తప్పదంటే చెట్టు నీడకో అరుగు మీదికో పోయి తెల్ల థర్మోకోల్ షీటుతో ముఖం మీదికి వెలుతురు కొట్టించండి. దాన్ని గట్టిగా పట్టుకోవడానికి ఒక మనిషిని కేటాయించాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. అక్కడ మా థర్మోకోల్ షీటు ఎగిరి పోయింది పోయినట్టే, మళ్ళీ దొరకలేదు.

ఏప్రిల్, మే నెలల్లో ఫోన్‌తో తీసేవాళ్ళకు ఇంకో బాధ. ఫోన్ వేడెక్కి రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది. టేకుకూ టేకుకూ మధ్య తడిగుడ్డ పక్కన, నీడలో పెట్టండి. ఐసు మీద మాత్రం పెట్టొద్దు. డ్యాన్సర్లను చెప్పుల్లేకుండా కడప బండల మీద ఆడించేవాళ్ళు ముందు తామొకసారి మధ్యాహ్నం ఆ బండ మీద నిలబడి చూడాలి.

అపోహ: పెదాలు కలవకపోతే ఎడిటింగ్‌లో కలిపేయొచ్చు

కొంతవరకే. సినిమా వాళ్ళు షూటింగ్‌లో పాట వినిపించే పెట్టెను ఇప్పటికీ నాగ్రా అంటారు. నాగ్రా అన్నది పాతకాలపు స్విస్ టేపు రికార్డరు పేరు. ఇప్పుడా పని బ్లూటూత్ స్పీకర్ చేస్తోంది. పాట ఫైలుకు ముందు నాలుగు బీప్‌లు కలిపి పెట్టుకోండి, పాడేవాళ్ళు సరిగ్గా అందుకుంటారు. ప్రతి టేకులో కెమెరా మైకు ఆన్‌లోనే ఉండాలి. ఆ గరగర శబ్దాన్ని బట్టే ఎడిటర్ అసలు పాటను కలుపుతాడు.

దూరపు షాట్లలో ఒక చిక్కుంది, చాలామంది ఎడిటర్లకు కూడా అర్థం కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్పీకర్ మీ పక్కన, హీరో నలభై మీటర్ల అవతల బండ మీద ఉంటే పాట అతని చెవికి దాదాపు సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన మూడు ఫ్రేములు. చూసేవాడు ఏం తప్పో చెప్పలేడు గానీ ఏదో డబ్బింగ్ సినిమా చూసినట్టు ఉంటుంది. హీరో నడుచుకుంటూ దగ్గరికి వస్తే ఆ తేడా అడుగడుక్కీ మారుతుంది, ఇక కలపడం నరకం. అందుకని దూరపు షాట్లలో పాట ఫోన్‌లో పెట్టి హీరో జేబులో వేస్తాను. అతను ఎప్పుడూ తాళంలోనే ఉంటాడు. కెమెరా మైకుకు ఆలస్యంగా వినపడింది కాబట్టి, పెదాలు చూసుకుని పాటను ఆ రెండు మూడు ఫ్రేములు జరిపితే సరిపోతుంది.

స్లో మోషన్‌లో పాడుతున్నట్టు కావాలంటే పాటను రెట్టింపు వేగంతో ఒక ఫైలు చేయించుకోండి. దానికి హీరో గబగబా పాడాలి, కెమెరా సెకనుకు 50 ఫ్రేములు తీయాలి. తర్వాత 25కు తెస్తే జుట్టు నెమ్మదిగా ఎగురుతుంది, పెదాలు మాత్రం అసలు పాటతో కలుస్తాయి. ఇంట్లో అద్దం ముందు రెండు రోజులు సాధన చేయకుండా దీనికి దిగొద్దు. మొదటిసారి అందరూ నవ్వేస్తారు.

ట్యూబులైట్ల కింద తీస్తే షట్టర్ స్పీడు సెకనులో 50వ వంతో, 100వ వంతో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్. 60 మీద ఉంచితే చారలు పాకుతాయి.

అపోహ: మంచి కెమెరా ఉంటే మంచి వీడియో వస్తుంది

దీని గురించి పెద్దగా చెప్పను. మూడేళ్ళ నాటి ఫోన్ చాలు. అద్దె కెమెరాకు పోసే డబ్బులో సగం పెట్టి టీమంతటికీ పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తినిపించండి, ఒక వ్యాను మాట్లాడుకోండి. గండికోటలో తెల్లవారుజాము వెలుతురు కావాలంటే ముందురాత్రే జమ్మలమడుగు చేరాలి, ఆ ఖర్చు ఎవరూ రాసుకోరు. కార్డుల లెక్క కూడా వేసుకోండి. 50 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 50 మెగాబిట్లు) తీస్తే నిమిషానికి 375 ఎంబీ. పాట మొత్తం ఒక టేకు తీస్తే దాదాపు ఒకటిన్నర జీబీ. నలభై టేకులకు 64 జీబీ కార్డు దాదాపు నిండిపోతుంది.

అపోహ: ఫ్రెండ్సే కదా, కాగితాలెందుకు

నేను చూసిన గొడవలన్నీ వీడియో బాగా వచ్చాక జరిగినవే. బాగా రాకపోతే ఎవరూ పోట్లాడుకోరు. పాట ఎవరి ఛానల్లో పెట్టాలి, డైరెక్షన్ అని ఎవరి పేరు పడాలి, రేపు నాలుగు రూపాయలు వస్తే ఎవరికెంత అన్నది షూటింగ్‌కు ముందే ఒక తెల్లకాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. కనిపించే ప్రతి ఒక్కరి నుంచీ, ఈ వీడియో నెట్‌లో పెట్టడానికి ఒప్పుకుంటున్నామని రాయించుకోండి. ఫస్టియర్ పిల్లల్లో పద్దెనిమిది నిండనివాళ్ళు ఉంటారు, వాళ్ళ తరఫున అమ్మానాన్నల సంతకం కావాలి. అమ్మాయి ఇంట్లో చెప్పకుండా వచ్చి, వీడియో వచ్చిన రెండో రోజు వాళ్ళ నాన్న ఫోన్ చేసి తీసేయమన్న సంగతి నాకు తెలుసు. ఆయన తప్పేం లేదు. నలభై షాట్లలో పద్నాలుగు పోయాయి.

ఫుటేజీ ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా అదే కాగితం మీద రాయండి. షూటింగ్ అయిన రాత్రి ఎంత అలసిపోయినా రెండు డిస్కుల్లోకి కాపీ చేయాలి, ఆ రెండూ రెండు ఇళ్ళలో ఉండాలి. ఒక బ్యాచ్‌లో ఉన్న ఒక్క డిస్కునూ గిటార్ వాయించే అబ్బాయి పట్టుకెళ్ళాడు. తర్వాత గాయకుడికీ అతనికీ మాటల్లేవు. ఆ పాట మొన్నటిదాకా నా ఫోన్‌లో ఆడియోగానే ఉంది.