అడ్డగోడ ఎక్కడ పడాలి?

వానలు పడగానే కడియం, కడియపులంక నర్సరీల్లో మామిడి అంట్లు కట్టే పని ఊపందుకుంటుంది. టెంక మొక్క తల కోసి, మధ్యకు చీల్చి, మేకులా చెక్కిన తల్లి చెట్టు పుల్లను అందులో దించి ప్లాస్టిక్ పట్టీతో బిగిస్తారు. బెరడు కింద ఉండే పలుచని పొర రెంటిదీ ఒకదానికొకటి ఆనాలి. అది తప్పితే పుల్ల ఎండిపోతుంది. కొత్త కణాలను పుట్టించే ఆ పొర పేరు కేంబియం. కోనసీమ కొబ్బరికి అది లేదు, అందుకే కొబ్బరికి అంటు కట్టలేం. మామిడి మానులా కొబ్బరి మాను ఏటేటా లావెక్కదు కూడా.

మొక్క కణం చుట్టూ గోడ ఉంటుంది, పక్క కణాలకు అతుక్కుని ఉంటుంది. పుట్టినచోటు నుంచి కదల్లేదు. కాబట్టి రెండుగా చీలేటప్పుడు అడ్డగోడ ఎటు పడిందన్నది చాలా పెద్ద సంగతి.

ఈ ప్రశ్న వెనక నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది. కణం పెరిగే దిశకు అడ్డంగా గోడ పడుతుందని 1863లో జర్మన్ శాస్త్రవేత్త హోఫ్‌మైస్టర్ అన్నాడు. కొత్త గోడ పాత గోడను లంబంగా తాకుతుందని తర్వాత మరో జర్మన్ శాస్త్రవేత్త సాక్స్ చెప్పాడు. 1880లలో బెల్జియం వాడైన ఎరెరా దాన్ని సబ్బు పొరతో పోల్చాడు: సబ్బు పొర వీలైనంత తక్కువ వైశాల్యంతో సర్దుకున్నట్టే కొత్త గోడ కూడా. ఎంతో అందమైన ఆలోచన. కానీ మన అంటులోని కేంబియమే దానికి లొంగదు. సన్నగా, పొడుగ్గా ఉండే ఆ కణాలు పొట్టి దారి వదిలేసి నిలువునా చీలుతాయి. మాను లావెక్కేది అలాగే.

అసలు మలుపు 1966లో వచ్చింది. పికెట్-హీప్స్, నార్త్‌కోట్ అనే శాస్త్రవేత్తలు గోధుమ కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. కణం చీలకముందే, గోడకు లోపలి అంచున, సూక్ష్మనాళికలు (కణం లోపల ఉండే అతి సన్నని గొట్టాల్లాంటి పోగులు) వడ్డాణంలా ఒక పట్టీ కడుతున్నాయి. చీలిక మొదలవగానే ఆ పట్టీ కరిగిపోతుంది. తర్వాత మధ్యలో పుట్టిన కొత్త గోడ అంచులకు పాకుతూ వెళ్లి, సరిగ్గా ఆ పట్టీ ఉన్నచోటే పాత గోడను అందుకుంటుంది. లేని పట్టీ చోటు గుర్తుండటం ఎలా?

జవాబు కొంత మొక్కజొన్నలో దొరికింది. 1990లలో గుర్తించిన టాంగిల్డ్ అనే జన్యులోపమున్న మొక్కల్లో గోడలు వంకరటింకరగా పడ్డాయి, ఆకు ఆకారం మాత్రం దాదాపు మామూలుగానే వచ్చింది. పట్టీ పోయాక కూడా ఆ జన్యువు తయారుచేసే టాంగిల్డ్ ప్రోటీన్ ఆ చోటే గుర్తులా నిలుస్తుందని 2007లో అరబిడోప్సిస్ అనే చిన్న మొక్కలో తేలింది. 2017లో పట్టీ కట్టలేని మొక్కలను పరీక్షిస్తే గోడలు పూర్తిగా దారి తప్పలేదు, కాస్త అటూఇటూ ఊగాయంతే. నా ఉద్దేశంలో ఇది పాతవాళ్లకు దక్కిన గౌరవం. కణం ఆకారం మోటుగా దారి చూపిస్తే, పట్టీ దాన్ని కచ్చితం చేస్తుంది.

అంటు కోతలో ఇంకో సంగతి ఉంది. గాయం పక్కనున్న కణాలు తరచూ కోతకు సమాంతరంగా గోడలు వేస్తాయి. పట్టీ కూడా ముందే అటు తిరుగుతుంది.

కొబ్బరిలో మాత్రం ఒకచోట గోడల ఊసే ఉండదు. లేత బొండాం నీళ్లలో కేంద్రకాలు అడ్డగోడలు లేకుండానే రెండవుతూ పోతాయి. గోడలు తర్వాత, చిప్ప వైపు నుంచి లోపలికి మొదలవుతాయి. మనం చెంచాతో గీకి తినే మీగడలాంటి కొబ్బరి అదే.